సాధనాన్ని కాపాడుకొన్న సాధకుడు – విలియం హెర్షెల్

రాత్రివేళ తలయెత్తి ఆకాశం వంక చూడని మనిషి ఉండడు. రైతుకు నక్షత్రాలు కార్తెలను తెలిపాయి. నావికునికి దిక్కులను చెప్పాయి. ఎడారి బాటసారికి దారి చూపాయి. మనం రోహిణి అని పిలిచే చుక్కను అరబ్బులు అల్ దబరాన్ అన్నారు. ఆ పేరే నేటికీ ప్రపంచ ఖగోళశాస్త్ర గ్రంథాలలో నిలిచి ఉన్నది. అయితే కంటికి ఆనినంత మేరతో తృప్తి పడక, ఆవల ఏమున్నదో చూడగోరిన వానికి సాధనం కావాలి. ఆ సాధనాన్ని సంపాదించడం ఒక ఎత్తు. దానిని మంచు నుంచి, దుమ్ము నుంచి, చెమ్మ నుంచి కాపాడి, చూడదలచిన చోటికి చెక్కు చెదరకుండా చేర్చి, తిరిగి భద్రంగా ఇల్లు చేర్చడం మరొక ఎత్తు. శాస్త్ర చరిత్రలో మొదటి దానిని గురించి చాలామంది వ్రాశారు. రెండవ దానిని గురించి వ్రాసినవారు తక్కువ. విలియం హెర్షెల్ జీవితం ఈ రెండవ విద్యకు గొప్ప నిదర్శనం. యురేనస్ గ్రహాన్ని కనుగొన్నవాడుగా ఆయన పేరు మన పాఠ్యపుస్తకాలలో ఒక్క వాక్యంగా మిగిలింది. ఆ ఒక్క వాక్యం వెనుక ఉన్న శ్రమను విద్యార్థులు తెలుసుకోవాలి.

హెర్షెల్ 1738 నవంబరు 15వ తేదీన జర్మన్ దేశపు హానోవర్ నగరంలో జన్మించాడు. తండ్రి ఐజాక్ సైనిక వాద్యబృందంలో ఓబో వాయించే సామాన్య సంగీత విద్వాంసుడు. బిడ్డలు అనేకులు, ఆదాయం స్వల్పం. విలియం కూడా చిన్న వయస్సులోనే ఆ వాద్యబృందంలో చేరాడు. 1757లో యుద్ధం హానోవర్‌ను చుట్టుముట్టగా, అన్నగారితో కలిసి ఇంగ్లండు చేరుకొన్నాడు. చేతిలో ధనం లేదు. ఉన్నది సంగీతం ఒక్కటే. స్వరలిపి ప్రతులు వ్రాసి పొట్ట పోసుకొన్నాడు. ఊరూరా తిరిగి పాఠాలు చెప్పాడు. 1766లో బాత్ నగరంలోని ఒక ప్రార్థనాలయంలో ఆర్గన్ వాద్యకారునిగా కుదురుకొన్నాడు. 1772లో చెల్లెలు కరోలిన్‌ను కూడా బాత్‌కు తెచ్చుకొన్నాడు. చిన్ననాడు సోకిన విషజ్వరం వల్ల ఎదుగుదల నిలిచిపోయిన ఆ యువతి, ముందు అన్నగారి సంగీత కచేరీలలో గాయనిగా, ఆ తరువాత ఆయన ఖగోళ పరిశోధనలలో కుడిభుజంగా నిలిచింది.

హెర్షెల్‌కు ఖగోళశాస్త్రంపై ఆసక్తి కలిగినది ముప్పది అయిదవ ఏట. పగలంతా శిష్యులకు సంగీత పాఠాలు, సాయంకాలం కచేరీలు, రాత్రి శాస్త్రగ్రంథాలు. 1773లో కొన్ని కటకాలు కొని, పొడవాటి గొట్టాలలో అమర్చి చూశాడు. అవి చాంతాడంత పొడవై, నిలబెట్టడానికి గాని కదిలించడానికి గాని వీలుకానివిగా తోచాయి. అప్పుడు కటకాలకు బదులు అద్దంతో పనిచేసే పొట్టి దూరదర్శినిని అద్దెకు తెచ్చుకొన్నాడు. అది నచ్చింది. కాని తాను కోరిన పరిమాణంలో అద్దం కొనాలంటే ఆయన సంపాదన చాలదు. కనుక తానే అద్దాలు చేసుకోవడానికి పూనుకొన్నాడు. ఆ వ్యాపకాన్ని మానుకొన్న ఒక ఇరుగుపొరుగు వ్యక్తి వద్ద పనిముట్లు, సగం అరిగిన అద్దాలు కొన్నాడు. సంగీత విద్వాంసుని ఇల్లు కార్ఖానాగా మారింది.

ఆనాటి అద్దం నేటి గాజు అద్దం వంటిది కాదు. రాగిని, తగరాన్ని కలిపి పోతపోసిన కంచు బిళ్ల అది. దానిని అరగదీసి, మెరుగుపెట్టి, వెంట్రుక వాసి తేడా లేని పుటాకారం తీసుకురావాలి. మెరుగుపెట్టే చివరి దశలో చేయి ఆపితే పని చెడుతుంది. ఒకసారి హెర్షెల్ పదహారు గంటలపాటు అద్దం మీది నుంచి చేయి తీయలేదు. కరోలిన్ పక్కన నిలబడి ముద్దలు చేసి నోటికి అందించేది. విసుగు పుట్టకుండా కథలు చదివి వినిపించేది. ఇంత కష్టపడి చేసిన అద్దమైనా శాశ్వతం కాదు. మన ఇండ్లలోని కంచు పాత్రలు ఎలా కిలుము పడతాయో ఆ అద్దాలూ చెమ్మ తగిలితే అలాగే మసకబారుతాయి. పాత్రనైతే చింతపండుతో తోమి బోర్లించవచ్చు. అద్దాన్ని తోమితే దాని ఆకృతి చెడుతుంది. మళ్లీ మొదటినుంచీ మెరుగుపెట్టవలసిందే. అందువల్ల హెర్షెల్ తన ముఖ్యమైన దూరదర్శినులకు ఒకటికి రెండు అద్దాలు చేసి ఉంచుకొనేవాడు. ఒకటి మెరుగుకు పోయినపుడు రెండవది గొట్టంలో ఉండేది. మబ్బు లేని రాత్రి ఒక్కటి కూడా వృథా పోరాదన్నది ఆయన నియమం.

ఆయనకు కీర్తి తెచ్చిన దూరదర్శిని పెద్దదేమీ కాదు. గొట్టం పొడవు 7 అడుగులు. అద్దం అడ్డుకొలత 6 అంగుళాల పైచిలుకు. ఇంటిలో నుంచి బయటికి తెచ్చుకోవడానికి వీలైనది. ఆ సౌలభ్యమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1779 డిసెంబరులో ఒకనాటి రాత్రి ఇంటి వెనుక నుంచి చంద్రుడు కనిపించక, హెర్షెల్ తన దూరదర్శినిని ఇంటి ముందు వీధిలో నిలబెట్టి చంద్రునిపై పర్వతాలను పరిశీలిస్తున్నాడు. ఆ దారిన పోతున్న విలియం వాట్సన్ అనే వైద్యుడు ఆగి, తానూ ఒకసారి చూడవచ్చునా అని అడిగాడు. చూసి ముగ్ధుడైనాడు. మరునాడు ఉదయమే వచ్చి కృతజ్ఞత తెలుపుకొన్నాడు. ఆ స్నేహం వల్లనే హెర్షెల్ వ్యాసాలు లండనులోని రాయల్ సొసైటీకి చేరాయి. దూరదర్శిని ఇంటి గోడల నడుమ కదలకుండా ఉండి ఉంటే, ఆ సంగీతకారుడు శాస్త్రజ్ఞుల కంట పడడానికి ఇంకెంత కాలం పట్టేదో!

1781 మార్చి 13వ తేదీ రాత్రి పది, పదకొండు గంటల మధ్య, బాత్ నగరం న్యూ కింగ్ స్ట్రీట్‌లోని తన ఇంటి తోటలో అదే 7 అడుగుల దూరదర్శినితో హెర్షెల్ వృషభరాశి అంచున ఉన్న చుక్కలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తున్నాడు. వాటిలో ఒకటి మిగిలిన వాటివలె బిందువుగా లేదు. చిన్న బిళ్లవలె ఉన్నది. నాలుగు రోజుల తరువాత చూస్తే స్థానం మారింది. ముందు ఆయన దానిని తోకచుక్క అనుకొన్నాడు. ఇతర దేశాల గణిత శాస్త్రజ్ఞులు దాని కక్ష్యను లెక్కించి, అది శనికి ఆవల ఉన్న కొత్త గ్రహమని తేల్చారు. అనాది నుంచి మానవజాతి ఎరిగిన గ్రహకుటుంబంలో తొలిసారిగా ఒక కొత్త సభ్యుడు చేరాడు. సౌరకుటుంబపు ఎల్లలు సుమారు రెండింతలయ్యాయి. హెర్షెల్ దానికి రాజు పేరు పెట్టగోరాడు. లోకం యురేనస్ అన్న పేరునే స్వీకరించింది.

అదే సంవత్సరం ఆగస్టులో ఆయన మరింత పెద్ద అద్దానికి పూనుకొన్నాడు. మూడు అడుగుల అద్దాన్ని ఇంటి నేలమాళిగలోనే పోతపోయాలని తలపెట్టాడు. అచ్చు కోసం గుర్రపు లద్దెను రోట్లో దంచి జల్లించవలసి వచ్చింది. కరోలిన్ గంటలకొద్దీ ఆ పని చేసింది. తొలిసారి పోసిన బిళ్ల చల్లారుతూ పగిలిపోయింది. రెండవసారి కొలిమి నుంచి కరిగిన లోహం కారి రాతినేలపై పరుగెత్తింది. ఆ వేడికి నేలమీది బండలు పేలి పైకప్పు వరకు ఎగిరాయి. అన్నదమ్ములు, పోతపనివారు ప్రాణాలు అరచేత పట్టుకొని బయటికి పరుగెత్తారు. హెర్షెల్ అలసటతో ఇటుకల కుప్పపై కూలబడ్డాడు.

1782 మేలో మూడవ జార్జి రాజు నుంచి పిలుపు వచ్చింది. హెర్షెల్ తన 7 అడుగుల దూరదర్శినినీ, జంట నక్షత్రాలను చూపడానికి కావలసిన ఉపకరణాలన్నింటినీ వెంట తీసుకొని బయలుదేరాడు. గ్రీనిచ్‌లోని రాజకీయ వేధశాలలో దానిని అక్కడి దూరదర్శినుల పక్కన నిలబెట్టి పోల్చి చూశారు. సంగీత మేష్టారు ఇంటిలో చేసినదే మేలైనదని తేలింది. అక్కడి నుంచి అది విండ్సర్‌లోని రాజభవనానికి ప్రయాణమైంది. ఒక సాయంకాలం రాకుమార్తెలు గ్రహాలను చూడగోరారు. ఆకాశం మబ్బుపట్టి ఉన్నది. హెర్షెల్ ముందుచూపు గల మనిషి. అట్టతో శనిగ్రహాన్ని, దాని వలయాన్ని చేసి, దీపాలతో వెలిగించి, దూరాన తోటలో అమర్చి, దూరదర్శినిలో నుంచి చూపించాడు. ఆకాశ దర్శనానికి నలుగురిని పిలిచినవాడు మబ్బును కూడా లెక్కలో ఉంచుకోవాలని ఆయనకు తెలుసు.

రాజు ఆయనకు ఏటా 200 పౌనులు జీతంగా ఏర్పరచాడు. సంగీతం ద్వారా వచ్చే ఆదాయం కంటే అది తక్కువ. అయినా హెర్షెల్ అంగీకరించి, 1782 ఆగస్టులో విండ్సర్‌కు సమీపాన ఉన్న డాచెట్ గ్రామానికి కాపురం మార్చాడు. దొరికిన ఇల్లు పాడుబడినది. కాని దూరదర్శినిని నిలబెట్టడానికి పచ్చికబయలు, అద్దాలు అరగదీయడానికి గుర్రపుశాలలు ఉన్నాయి. ఆయన చూసినవి అవే. జీతానికి బదులుగా చేయవలసిన పని, కోరినపుడు రాజకుటుంబానికి ఆకాశాన్ని చూపడం. సాయంకాలం దూరదర్శినిని రాజభవనానికి చేర్చాలి. వారు చూసిన తరువాత చీకటిలో దానిని తిరిగి డాచెట్‌కు తరలించాలి. మిగిలిన రాత్రిని జంట నక్షత్రాల పరిశీలనకు వినియోగించాలి. ప్రతి ప్రయాణానికీ ఖర్చు, ప్రతి కుదుపులోనూ అద్దానికీ అమరికకూ అపాయం. పగళ్లు కురచనై చీకటి త్వరగా పడే రోజులు వచ్చేసరికి ఈ తిరుగుడు సాధ్యం కాకపోయింది.

డాచెట్ థేమ్స్ నది ఒడ్డున ఉన్న చిత్తడి ప్రదేశం. చలిజ్వరం రాకుండా హెర్షెల్ ముఖానికీ చేతులకూ పచ్చి ఉల్లిపాయ రుద్దుకొని రాత్రంతా ఆరుబయట నిలబడేవాడు. కలంలోని సిరా గడ్డకట్టిన రాత్రులున్నాయి. చలికి అద్దం పగిలిన రాత్రీ ఉన్నది. 1783లో 20 అడుగుల పొడవు, 18 అంగుళాలకు మించిన అద్దం గల కొత్త దూరదర్శిని పనిలోకి వచ్చింది. ఆ ఏడాది చివరి రోజున, మంచు కప్పిన నేలపై చీకట్లో పరుగెత్తుతూ కరోలిన్ దాని యంత్రంలోని ఇనుప కొక్కెంపై పడగా, అది ఆమె కాలిలో లోతుగా దిగబడింది. కొన్ని వారాలకు కోలుకొని ఆమె తిరిగి తన రాతబల్ల వద్ద కూర్చున్నది.

1785లో వారు ఓల్డ్ విండ్సర్‌లోని మరొక ఇంటికి మారారు. ఆ ఇంటి యజమానురాలితో పొసగక, 1786 ఏప్రిల్ 3న స్లౌ గ్రామం చేరారు. ఈ తరలింపు గమనింపదగినది. పాత ఇంటిలో చివరి రాత్రి తెల్లవారే దాకా పరిశీలన సాగింది. మరునాటి సాయంకాలానికి దూరదర్శిని స్లౌలో నిలబడి ఆకాశాన్ని చూడడానికి సిద్ధంగా ఉన్నది. కాపురం మార్చడమంటే మనకు నెలరోజుల గందరగోళం. 20 అడుగుల దూరదర్శినిని విప్పి, తరలించి, బిగించడానికి ఆయనకు ఒక్క పగలు చాలింది. ఏ భాగం దేని తరువాత విప్పాలో, ఏది ముందు బిగించాలో ఆ చేతులకు కంఠస్థమై ఉండాలి.

ఆ వేసవిలోనే జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయానికి రాజు కానుకగా పంపిన 10 అడుగుల దూరదర్శినిని అప్పగించి, నిలబెట్టి రావడానికి హెర్షెల్ తమ్మునితో కలిసి వెళ్లాడు. ఇంటివద్ద మిగిలిన కరోలిన్ తొలిరోజులలో చేసిన పని ఏమిటి? దూరదర్శినుల ఇత్తడి భాగాలన్నింటినీ తుడిచి శుభ్రపరచి, వాటిని ఉంచిన అరలకు దుమ్ము చేరకుండా తెరలు కట్టింది. ఆ పని ముగించుకొని రాత్రులు తన చిన్న దూరదర్శినితో ఆకాశాన్ని గాలించి, 1786 ఆగస్టు 1న ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నది. 1797 నాటికి ఆమె కనుగొన్న తోకచుక్కలు ఎనిమిది. అరలకు తెరలు కట్టిన చేతులకూ తోకచుక్కను పట్టిన కళ్లకూ ఉన్న సంబంధాన్ని మన విద్యార్థినులు ప్రత్యేకంగా గ్రహించాలి.

ఇక హెర్షెల్ జీవితంలోని మహాయంత్రం 40 అడుగుల దూరదర్శిని. రాజు 1785లో 2000 పౌనులు, అనంతరం మరో 2000 పౌనులు ఇచ్చాడు. అంతటితో ఆగక దాని పోషణకు ఏటా 200 పౌనులు, కరోలిన్‌కు సహాయకురాలిగా ఏటా 50 పౌనులు మంజూరు చేశాడు. ఇనుప గొట్టం వ్యాసం సుమారు 5 అడుగులు. అద్దం వ్యాసం 4 అడుగులు. బరువు సుమారు ఒక టన్ను. 1789లో దానితో శనిగ్రహపు ఉపగ్రహాలు రెండింటిని గుర్తించాడు. దేశదేశాల నుంచి వచ్చి దానిని చూసి ఆశ్చర్యపడని వారు లేరు. కాని శాస్త్రానికి అది చేసిన సేవ ఆ ఆశ్చర్యానికి తగినంత లేదు. దానిని తిప్పడానికి పనివారు కావాలి. సిద్ధం చేయడానికే సమయం గడిచిపోయేది. ఇంగ్లండులో స్వచ్ఛమైన రాత్రులు తక్కువ. అంత పెద్ద బిళ్ల పగలకుండా ఉండాలని రాగి పాలు పెంచగా, అది మరింత త్వరగా మసకబారింది. టన్ను బరువుగల అద్దాన్ని దించి మెరుగుపెట్టడం మాటలు కాదు. 1815 తరువాత ఆయన దానిని వినియోగించలేదు.

సుమారు 2500 నీహారికలు, నక్షత్రగుచ్ఛాల పట్టిక తయారైనది 20 అడుగుల దూరదర్శినితోనే. 1787లో యురేనస్ ఉపగ్రహాలు రెండింటిని చూపినదీ అదే. యురేనస్‌నే చూపినది వీధిలోకి తెచ్చుకోగలిగిన 7 అడుగులది. అనగా, చేతికి లొంగిన సాధనమే శాస్త్రానికి ఉపకరించింది. భద్రపరచడానికి శక్తి చాలని సాధనం చూపరులకు వింతగా మిగిలింది. హెర్షెల్ దానిని విడిచి తనకు లొంగిన దానివైపు మరలడం ఆయన వివేకం.

తాను చేసిన సాధనాలను ఇతరులకు పంపడంలోనూ ఆయన శ్రద్ధ అంతటిదే. స్పెయిన్ రాజు కోరగా చేసిన 25 అడుగుల దూరదర్శినిని పెట్టెలలో సర్ది, బిగించే విధానాన్ని తెలిపే పటాలను జతపరచి 1802లో ఓడపై పంపాడు. అది మాడ్రిడ్ చేరి అక్కడి వేధశాలలో నిలబడింది. కాని 1808లో ఫ్రెంచి సైనికులు దాని కొయ్య చట్రాన్ని ధ్వంసం చేశారు. అద్దాలు, పటాలు మాత్రం దక్కాయి. ఆ పటాల ఆధారంగానే రెండు శతాబ్దాల తరువాత అక్కడ దాని ప్రతిరూపాన్ని తిరిగి నిర్మించగలిగారు. సాధనంతోపాటు దానిని కూర్చే విధానాన్ని కూడా వ్రాసి ఉంచాలన్న పాఠానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

1788లో హెర్షెల్ మేరీ పిట్‌ను వివాహమాడాడు. 1792లో ఏకైక కుమారుడు జాన్ జన్మించాడు. 1800లో సూర్యకాంతిలో కంటికి కనిపించని ఉష్ణకిరణాలు ఉన్నాయని విలియం నిరూపించాడు. జంట నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయని చాటాడు. 1816లో సర్ బిరుదు పొందాడు. 1822 ఆగస్టు 25న స్లౌలో తన ఎనభై నాలుగవ ఏట కన్నుమూశాడు. యురేనస్ సూర్యుని ఒకసారి చుట్టి రావడానికి పట్టే కాలం 84 సంవత్సరాలు. ఆయన ఆయుర్దాయం దానికి కొద్ది నెలలు మాత్రమే తక్కువ.

తండ్రి నేర్పిన విద్య కుమారునిలో కొనసాగింది. తండ్రి పర్యవేక్షణలో తిరిగి నిర్మించిన 20 అడుగుల దూరదర్శినిని, మూడు అద్దాలను, మెరుగుపెట్టే సామగ్రిని ఓడపై వేసుకొని జాన్ హెర్షెల్ 1833 నవంబరులో దక్షిణాఫ్రికాకు బయలుదేరాడు. ఖర్చు తనదే. కేప్ టౌన్ సమీపంలో అద్దాలు అనుకొన్న దానికంటే త్వరగా మసకబారాయి. మెరుగు సామగ్రి వెంట ఉన్నందున ఆయన కలత చెందలేదు. వంతులవారీగా వాటిని బాగుచేసుకొంటూ 1838 వరకు దక్షిణాకాశాన్ని పూర్తిగా పరిశీలించాడు. దూరదర్శిని నిలిచిన చోట నేడు ఒక రాతి స్తంభం ఉన్నది. స్లౌలోని 40 అడుగుల యంత్రం చట్రం శిథిలం కాగా, 1839 చివర ఆయనే దానిని దింపించి, గొట్టాన్ని తోటలో నేలపై పడుకోబెట్టించాడు. కుటుంబమంతా ఆ గొట్టంలో కూర్చొని వీడ్కోలు గీతం పాడారు. దాని శకలం ఒకటి గ్రీనిచ్‌లో భద్రపరచబడి ఉన్నది.

ఈ కథ పరాయి దేశానిదని మనం తోసిపుచ్చరాదు. మన హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ అనే ఖగోళ ప్రియుడు 15 అంగుళాల దూరదర్శినిని ఇంగ్లండు నుంచి తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో నిజామియా వేధశాలకు నాంది పలికాడు. ఆయన మరణానంతరం 1908లో ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు తరలించింది. ఆ దూరదర్శిని అక్కడ నిలబడి పనిలోకి వచ్చినది 1922లో. కొన్న చేతుల తరువాత కాపాడే చేతులు, నిలబెట్టే చేతులు దొరికినందువల్లనే అది శాస్త్రానికి దక్కింది.

కళాశాలలకు పరికరాలు సమకూర్చే పెద్దలు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మూడవ జార్జి రాజు దూరదర్శినికి ధనమిచ్చి ఊరుకోలేదు. ఏటేటా దాని పోషణకూ ధనమిచ్చాడు, దానిని కనిపెట్టుకొని ఉండే మనిషికీ జీతమిచ్చాడు. కొనుగోలు పద్దు పక్కన పోషణ పద్దు లేని ప్రయోగశాలలో కటకాలకు బూజు పడుతుంది, ఇత్తడికి కిలుము పడుతుంది, చివరకు బీరువాకు తాళం పడుతుంది. విద్యార్థులు కూడా పరికరాన్ని ముట్టుకొనే ముందు చేతులు తుడుచుకోవడం, పని ముగిసిన పిదప మూత పెట్టడం, ఒక చోటి నుంచి మరొక చోటికి తీసుకుపోయేటపుడు దేనిని దేని తరువాత విప్పామో వ్రాసి ఉంచుకోవడం చిన్న పనులని తలచరాదు. ఒక సంగీత మేష్టారు, ఆయన చెల్లెలు ఈ చిన్న పనులనే ఏళ్ల తరబడి విసుగు లేకుండా చేశారు. ఆకాశం వారికి తన తలుపులు తెరిచింది.